శుక్లము పండవలెనా?

మన యిండ్లలో పెద్దవారికి చూపు మందగించినపుడు తఱచుగా వినవచ్చు మాట యొకటి కలదు. "శుక్లము వచ్చినదట, కాని యింకను పండలేదట." ఈ మాటతో ఆ యింటివారి విచారణ ముగియును. పండినపిమ్మట తీయింతమని చెప్పుకొందురు. ఆ పండుట యెన్నడో యెవ్వరికిని తెలియదు. ఈలోపల ముసలమ్మ గోడలు తడవికొనుచు, కూరలో ఉప్పునకు బదులు చక్కెర వేసి మాటపడుచు, చదువుకొను పురాణము మూసివేసి, తుదకు వసారాలో ఒక మూల కూర్చుండుటకు అలవాటుపడును. ఆమెకు చూపు పోయినదని యెవ్వరును అనరు. వయస్సు వచ్చినదని యందురు.

ఈ "పండుట" యనునది మూఢవిశ్వాసము కాదు. ఇది వైద్యులు చెప్పినమాటయే. కొన్ని శతాబ్దములపాటు ఆ మాట నిజమై యుండెను. దానికి కారణమైన పరిస్థితులు మాఱిపోయినవి. మాట మాత్రము ఇండ్లలో నిలిచిపోయినది. భూతప్రేతములను నమ్మువారిని మందలించుట సులభము. శాస్త్రము విడిచిపెట్టిన నియమమును పట్టుకొని కూర్చుండువారిని మందలించుట కష్టము, ఏలయన వారు తాము శాస్త్రమునే అనుసరించుచున్నామని తలంతురు. కావున ఈ నియమ మెక్కడ పుట్టినది, ఎట్లు పెరిగినది, ఎప్పుడు చచ్చినది యను విషయమును మొదటినుండి పరికింతము.

ముందుగా శుక్లమన నేమో తెలిసికొనవలెను. నల్లగ్రుడ్డు నడుమ కనబడు కనుపాప నిజమునకు ఒక రంధ్రము. దాని వెనుక, పలుచని సంచిలో ఇమిడి, ఇరుప్రక్కల ఉబ్బిన స్వచ్ఛమైన కటకము కలదు. పెద్దవారిలో దాని వెడల్పు సుమారు 9 లేక 10 మిల్లీమీటర్లు, మందము 4 లేక 5 మిల్లీమీటర్లు. వెలుతురు దీనిగుండా పోయి, కంటి వెనుకగోడనున్న రెటీనా యను పొరపై బొమ్మగా పడును. సుశ్రుతుడు దృష్టిని మసూరపప్పు బద్దతో పోల్చెను. ఐరోపావారు దీనికి పెట్టిన లెన్సు అను పేరునకు లాటిను భాషలో మసూరపప్పనియే అర్థము. ఒకరినొకరు ఎఱుగని రెండు దేశముల పండితులకు ఒకే పప్పు తోచుట వింతగా నున్నది.

ఈ కటకమునందు రక్తనాళములు లేవు. దాని నడిమి భాగమునందలి మాంసకృత్తులు మనము పుట్టకమునుపు ఏర్పడినవే. అవి తిరిగి క్రొత్తగా పుట్టవు. అవి క్రమముగా అమరియున్నంతకాలము వెలుతురు చెదరక సాగును. ఏండ్లు గడచినకొలది అవి ఒకదానికొకటి అంటుకొని ముద్దలగును. కోడిగ్రుడ్డులోని తెల్లసొన వేడికి తెల్లబడుట చూచినవారికి ఇది సులభముగా అర్థమగును. మధుమేహము, పొగాకు, తీవ్రమైన ఎండ, కంటికి తగిలిన దెబ్బ, దీర్ఘకాలము వాడిన స్టెరాయిడు మందులు దీనిని త్వరితపరచును. కట్టెపొయ్యి పొగకును దీనికిని సంబంధము కలదని పలు పరిశోధనలు చూపినవి. ఆ పొగ యెవరి కన్నులలోనికి పోవునో చెప్పనక్కఱలేదు. ఇంతకును ఇది కంటిపై పెరుగు పొర కాదు, చుక్కలమందుతో కరగునది కాదు. దీనిని కరగించునని రుజువైన మందు ఇంతవఱకు లేదు. మబ్బుపట్టిన కటకమును త్రోవనుండి తొలగించుట యొక్కటే ఉపాయము.

త్రోవనుండి తొలగించుట యను మాట మేము ఊరక వాడలేదు. మొదటి చికిత్స అక్షరాల అదియే. సుశ్రుతసంహితలోని ఉత్తరతంత్రమున ఈ శస్త్రకర్మ సవిస్తరముగా వర్ణింపబడినది. తిమిరముగా మొదలై, కాచముగా ముదిరి, చూపు పూర్తిగా మూసికొన్నపుడు దానికి లింగనాశమని పేరు. వేడియు చలియు మితిమీఱని దినమున, స్నేహస్వేదములు చేయబడిన రోగి కూర్చుండి తన ముక్కుకొనను చూచుచుండవలెను. వైద్యుడు బొటనవ్రేలు, చూపుడువ్రేలు, నడిమివ్రేళ్ల నడుమ యవగింజవంటి మొనగల శలాకను పట్టి, నల్లగ్రుడ్డును వదలి తెల్లగ్రుడ్డులో కడకంటివైపున, నరములు తగులనిచోట పొడువవలెను. ఎడమకంటికి కుడిచేయి, కుడికంటికి ఎడమచేయి. సరియైనచోట దిగినచో చిన్న చప్పుడై నీటిబొట్టొకటి వెలువడును. వెంటనే స్త్రీస్తన్యముతో తడుపవలెను. పిదప శలాకమొనతో దృష్టిమండలమును గీచి, రోగిచే రెండవ ముక్కుపుటము మూయించి చీదించవలెను. రూపములు కానవచ్చినంతనే శలాకను మెల్లగా తీసి, నేతితో తడిపిన గుడ్డ కట్టి, పొగయు దుమ్మును లేని యింట వెల్లకిల పరుండబెట్టవలెను. త్రేన్పు, దగ్గు, తుమ్ము, ఉమ్మివేయుట పనికిరావు. పదిదినములు పథ్యము.

ఇందలి జాగ్రత్తలలో ఎన్నియో నేటి వైద్యులును మెచ్చుకొనదగినవి. పొగదుమ్ములు లేని గది, తుమ్మును అణచుట, ఇవి అనుభవమునుండి పుట్టినవిగాని ఊహలు కావు. కాని ముక్కు చీదించుట చూడుడు. కంటిలో పేరుకొన్న కఫము ముక్కుదారిన పోవునని వారి భావము. నిజమునకు జరుగునది వేఱు. శలాక తగిలి కటకము తన కట్టుత్రాళ్లనుండి ఊడి, కంటిలోపలి జిగురుపదార్థములో అడుగునకు దిగిపోవును. త్రోవ తెఱపియైనందున వెలుతురు లోనికి పోవును. సిద్ధాంతము తప్పు, ఫలితము నిజము. వైద్యచరిత్రలో ఇట్టివి చాల కలవు. ఫలితము నిజమైనంతకాలము సిద్ధాంతమును ప్రశ్నించువారు తక్కువ.

పండుట యను నియమమునకు మొదటి వేరు ఇక్కడనే యున్నది. కటకము గట్టిపడినచో శలాక త్రోపునకు మొత్తముగా జారిపోవును. మెత్తగా నున్నచో సంచి చినిగి, ముక్కలు కన్నంతయు నిండి, వాపు పుట్టించును. అష్టాంగహృదయకర్త యైన వాగ్భటుడు బాగుగా రూపుకట్టి, చూపును పూర్తిగా మూసిన కఫజ లింగనాశమునే పొడువవలెనని విధించెను. చేతిలో సూది యొక్కటే యున్న కాలమున ఇది సరియైన విధి. రోగి ఎటులను గ్రుడ్డివాడై యున్నాడు. పొడిచిన పోవునది లేదు.

ఈ విద్య మన దేశమున ఆగిపోలేదు. బౌద్ధభిక్షువులతోపాటు అది చీనాకు పోయి అక్కడ బంగారుసూది యను పేరు గాంచెను. 752లో వాంగ్ టావో సంకలనముచేసిన వైద్యగ్రంథమున భారతీయ నేత్రవైద్యము చోటుచేసికొన్నది. టాంగు వంశకాలపు కవి లియు యూషీ, కన్నులు బాగుచేయు బ్రాహ్మణభిక్షువు నొకనిని ఉద్దేశించి పద్యము వ్రాసెను. అరబ్బుదేశములలో ఈ వ్యాధిని పైనుండి కంటిలోనికి దిగిన నీరని పిలిచిరి. ఆ మాటనే లాటినులోనికి మార్చినవారు జలపాతమను అర్థముగల శబ్దము వాడిరి. నేటి కాటరాక్టు అదియే. హైదరాబాదు ప్రాంతమున వినవచ్చు మోతియాబిందు ముత్యపుబిందువు. మన శుక్లము తెల్లదనము. పేర్లన్నియు పైకి కానవచ్చినదానినే చెప్పినవి. లోపల చెడినది చూపునకు సాధనమైన కటకమే యని ఏ పేరును చెప్పలేదు.

దానికి బలమైన కారణము కలదు. రెండవ శతాబ్దమునాటి గ్రీకువైద్యుడు గాలెను, చూపునకు మూలస్థానము కటకమే యని బోధించెను. ఆ బోధ పదునాలుగు వందల యేండ్లు ఐరోపాను ఏలెను. కటకమే చూపైనచో దానిని తొలగించినవాడు చూడజాలడు. సూది పొడిచినపిమ్మట రోగి చూచుచునే యున్నాడు. కావున సూది త్రోసినది కటకము కాదు, దానిముందు గడ్డకట్టిన యే నీరో, పొరయో కావలెను. తర్కమున లోపము లేదు, మొదటి వాక్యము తప్పు. 1583లో ఫెలిక్సు ప్లాటరు చూపు పుట్టుచోటు రెటీనాయని వాదించెను. 1604లో ఖగోళజ్ఞుడగు కెప్లరు కటకము వెలుతురును వంచు అద్దము మాత్రమే యని గణితముతో చూపెను. అయినను వైద్యులు శతాబ్దకాలము కదలలేదు.

1705లో ఫ్రాన్సుదేశపు వైద్యుడు పియర్ బ్రిసో, శుక్లముతో చనిపోయిన యొక సైనికుని కంటికి ముందుగా సూదిచికిత్స చేసి, ఆ పిమ్మట కోసి చూచెను. అడుగున పడియున్నది పొర కాదు, తెల్లబడిన కటకమే. ఈ సంగతిని పారిసునందలి శాస్త్రపరిషత్తునకు తెలుపగా, గాలెనును కాదనుట తగదని పండితులు పెదవివిరిచిరి. మేత్ర జాన్ యను మఱియొక వైద్యుడును అదియే కనుగొనినపిమ్మటగాని వారు దిగిరాలేదు. వేలకొలది కన్నులను పొడిచిన చేతులకు తాము త్రోయుచున్నదేమో తెలియుటకు ఒక మృతదేహము కావలసివచ్చెను. మృతశరీరమును ముట్టుటయే మైలయని తలంచిన మన వైద్యకులములకు ఆ తెలివి ఏల ఆలస్యమయ్యెనో పాఠకులే ఊహింపవచ్చును. శవపరీక్షను విధించినవాడు సుశ్రుతుడే. దానిని మానినవారు ఆయన సంతతివారు.

సూదివైద్యము ఐరోపాలోను ఊరూర తిరుగు మనుష్యుల చేతిలో పడియుండెను. వారిలో మిక్కిలి పేరుపొందినవాడు జాన్ టేలరు. ఈతడు బండికి కన్నుల బొమ్మలు చిత్రింపించుకొని నగరములు తిరుగుచు, ఉపన్యాసము లిచ్చుచు, శస్త్రము చేయుచు, కట్టు విప్పుదినము రాకమునుపే ఊరు దాటిపోవుచుండెను. 1750లో లైప్సిగు నగరమున సంగీతవిద్వాంసుడగు బాఖునకు రెండుమాఱులు శస్త్రము చేసెను. బాఖు పూర్తిగా చూపు కోల్పోయి ఆ సంవత్సరమే జూలై 28వ తేదీన మరణించెను. ఎనిమిదేండ్ల పిమ్మట హాండెలును ఈతని చేతిలోనే పడెను. ఆయనకును చూపు రాలేదు.

ఇదే కాలమున జాక్ దావియేలు అను ఫ్రెంచి వైద్యుడు 1747లో ఒక రోగి కంటిలో సూదితో కటకమును త్రోయలేకపోయి, కంటిముందరి అద్దమువంటి పొరను క్రిందివైపున కోసి, కటకమునే బయటికి తీసెను. ఈ విధానమును ఆతడు 1753లో ప్రకటించెను. త్రోయుట మాని తీయుట అప్పటినుండి మొదలైనదని చెప్పవచ్చును. కాని దావియేలు తీసినది కటకపు సంచిలోని పదార్థమును మాత్రమే. సంచి కంటిలోనే మిగులును. ఇచ్చటనే మన కథకు మూలమున్నది.

పచ్చి పనసకాయను కోసినవారెఱుగుదురు: జిగురు చేతిని వదలదు. కటకమును అట్టిదే. నడిమి భాగము ముదిరినను చుట్టునున్న భాగము ఇంకను స్వచ్ఛముగా నున్నచో, ఆ భాగము సంచికి అంటుకొని రాదు. స్వచ్ఛమైనది గనుక వైద్యుని కంటికి కనబడదు. శస్త్రమైనపిమ్మట అది ఉబ్బి, తెల్లబడి, వాపు పుట్టించి, తిరిగి కనుపాపను మూయును. కటకమంతయు తెల్లబడినపుడు చుట్టుభాగమును సంచినుండి విడిపడి మొత్తముగా వెలువడును. కావున శుక్లము పండువఱకు ఆగుడని పందొమ్మిదవ శతాబ్దపు వైద్యులందఱును ఏకకంఠముగా చెప్పిరి. జర్మనీదేశపు గొప్ప నేత్రవైద్యుడు ఆల్బ్రెక్టు ఫాన్ గ్రేఫె కోతను మెరుగుపఱచెను. 1884లో వియన్నాకు చెందిన కార్లు కొల్లరు కొకెయిను చుక్కలతో కంటిని తిమ్మిరి పట్టించవచ్చునని చూపి, రోగి బాధను పోగొట్టెను. అయినను పండుట యను నియమము కదలలేదు.

ఆ నియమమునకు వెల చెల్లించినవా రెవరు? ఒక కంట ముదిరి, రెండవకంట మొదలైన రోగికి, రెండు కన్నులును సగము చెడి, ఏదియు పండక, ఏండ్లు గడచుట కలదు. ధనవంతునకు చేయిపట్టి నడిపించు సేవకు డుండును. కూలివానికి ఆ యేండ్లు కూడులేని యేండ్లు. ఈ కష్టము వైద్యులకును తెలియును. బ్రెస్లావు నగరపు ఫోర్‌స్టరు 1880ల దశకమున ఒక ఉపాయము చేసెను: కంటిని కొంచెము తెఱచి, పైనుండి కటకమును మెల్లగా రుద్ది, త్వరగా తెల్లబడునట్లు చేసి, కొన్ని వారముల పిమ్మట తీయుట. అనగా మామిడికాయలను మాగవేయునట్లు శుక్లమును మాగవేసిరి. ఒక నియమము బరువైనపుడు, నియమమును తీసివేయలేనివారు ఇట్టి వంతెనలు కట్టుదురు.

ఇక మన ప్రాంతపు సంగతి. 1819లో మద్రాసునందు ఈస్టిండియా కంపెనీవారు కంటి ఆసుపత్రిని నెలకొల్పిరి. లండనునందలి మూర్‌ఫీల్డ్సు ఆసుపత్రి తరువాత లోకమున మిగుల పురాతనమైన కంటి ఆసుపత్రులలో ఇది యొకటి. తెలుగు జిల్లాలు మద్రాసు రాజధానిలో నుండినందున నెల్లూరు మొదలు గంజాము వఱకు గల రోగులకు అదియే దిక్కు. తంజావూరిలో రెండవ శరభోజి రాజు తన ధన్వంతరిమహలులో కంటిరోగులకు వైద్యము చేయించి, వారి కన్నుల చిత్రములను వ్రాయించి, వివరములను నమోదు చేయించెను. ఆ పత్రములు సరస్వతీమహలు గ్రంథాలయమున నేటికిని కలవు. రాజభవనములో ఇంత శ్రద్ధ జరుగుచుండగా పల్లెలలో మాత్రము సుశ్రుతుని సూది, సుశ్రుతుని జాగ్రత్తలు లేకుండ, తిరుగుచునే యుండెను.

ఆ సూదివైద్యుల చరిత్రను శ్రద్ధగా వ్రాసినవాడు ఇరువదవ శతాబ్దపు తొలి దశకములలో మద్రాసు కంటి ఆసుపత్రికి అధికారిగా నుండిన రాబర్టు హెన్రీ ఎలియటు. ఆయన తన వద్దకు వచ్చిన వందలకొలది రోగులను పరీక్షించి, చెడిన కన్నులను కోసి చూచి, 1917లో లండనులోని రాజకీయ శస్త్రవైద్య కళాశాలలో ఉపన్యసించెను. కడుగని సూదులు, చీముపట్టిన కన్నులు, సొమ్ము పుచ్చుకొని మఱునాటికి మాయమగు వైద్యులు: ఆయన చూపిన చిత్రము భయంకరముగా నున్నది. మేము ఆయన లెక్కలను శంకింపము. కాని ఆసుపత్రికి వచ్చినవారు చికిత్స చెడినవారే యని మఱవరాదు. కొంతకాలమైనను చూచినవాడు మద్రాసునకు పయనమై రాడు.

అంతకంటె ముఖ్యమైన ప్రశ్న మఱియొకటి. ఆసుపత్రి యుండగా జనులు సూదివానియొద్దకు ఏల పోయిరి? అజ్ఞానమని చెప్పి ఊరకుండుట సులభము. ఒక పల్లెటూరి వృద్ధునకు మద్రాసు రెండు దినముల పయనము. తోడు మనిషి కావలెను. అచ్చట భాష వేఱు. కోతపిమ్మట తలకిరుప్రక్కల ఇసుకసంచులు పెట్టి పలుదినములు కదలనీయరు. ఇంతయైనను "పండలేదు, మఱుసంవత్సరము రమ్ము" అని పంపివేయవచ్చును. సూదివాడో, అరుగుమీదనే పని ముగించి, వ్రేళ్లు చూపి లెక్కింపుమనును, రోగి లెక్కించును! ఆ క్షణమున చూచినవారి కది అద్భుతముగాక మఱేమి? ఆసుపత్రి జనులయొద్దకు పోనంతకాలము సూదివాడే వారి వైద్యుడు. సంస్కర్తలు తఱచుగా మఱచు సంగతి యిది: చెడ్డ ఆచారము నిలుచుటకు దాని మంచితనము కారణము కానక్కఱలేదు, దాని సామీప్యము చాలును.

అదే కాలమున పంజాబునందలి జలంధరులో హెన్రీ స్మిత్తు అను సైనికవైద్యుడు పండుట యను నియమముపై మొదటి గట్టిదెబ్బ కొట్టెను. కటకమును సంచితోసహా, వెలుపలినుండి నొక్కి, మొత్తముగా వెలువరించుట ఆయన పద్ధతి. సంచియే పోయినపుడు దానికి అంటుకొను జిగురు ప్రశ్న లేదు. కావున పచ్చి శుక్లమునైనను తీయవచ్చును. ఆయన వేలకొలది శస్త్రములు చేసినందున ఐరోపా, అమెరికాల వైద్యులు నేర్చుకొనుటకు జలంధరునకు వచ్చిరి. పద్ధతి కఠినమైనది, చేయి తప్పినచో కంటిలోని జిగురు బయటికి వచ్చును. అందఱి చేతికి అది లొంగలేదు. ఐనను తరువాత వచ్చిన మెత్తని పద్ధతులకు ఇది దారితీసెను.

అయితే వేచియుండుటకు రెండవ కారణమొకటి మిగిలినది. కటకము తీసిన కంటికి చూపు కుదురుటకు దళసరి కళ్లద్దములు కావలెను. మనవారు వానిని సోడాబుడ్డి అద్దము లనిరి. ఆ అద్దములలో ప్రతి వస్తువును నాలుగవవంతుకు మించి పెద్దదిగా కనబడును, ప్రక్కచూపు పోవును, మెట్టు దగ్గఱనున్నట్లు తోచి కాలు తడబడును. ఒక కంటికే శస్త్రమైనచో పెద్దబొమ్మయు చిన్నబొమ్మయు ఒకదానితో నొకటి కలియవు. కావున ఒక కన్ను బాగుగా నున్నంతకాలము రెండవదానిని ముట్టకుండుటయే మేలని వైద్యులు చెప్పిరి. పండువఱకు ఆగుడనుటకు ఇదియు తోడయ్యెను.

ఈ చిక్కు విడిపోయినది ఒక యుద్ధమువలన. 1940లో ఇంగ్లాండుపై జరిగిన వైమానికయుద్ధమున విమానపు ప్లాస్టిక్కు కప్పు పగిలి, దాని తునకలు కొందఱు వైమానికుల కన్నులలో గ్రుచ్చుకొనెను. సామాన్యముగా కంటిలో పరాయివస్తువు పడిన వాపు పుట్టును. ఈ తునకలు ఏండ్లు గడచినను ఊరకే పడియుండుట హెరాల్డు రిడ్లే యను వైద్యుడు గమనించెను. ఆ జాతి ప్లాస్టిక్కుతోనే కటకము చేయించి, 1949 నవంబరు 29వ తేదీన లండనులోని సెయింటు థామసు ఆసుపత్రిలో ఒక రోగి కంటిలో అమర్చెను. కంటిలోనుండి పరాయివస్తువులను తీయుట నేత్రవైద్యుని ధర్మము గాని పెట్టుట కాదని పెద్దలు తీవ్రముగా ఆక్షేపించిరి. మొదటి కటకములలో కొన్ని జారిపోయినవి, కొన్ని చెడినవి. ఆక్షేపణకు ఆధారము లేకపోలేదు. ముప్పదియేండ్లు పట్టెను ఆ కటకము కుదురుకొనుటకు. రిడ్లే వృద్ధుడైనపిమ్మట తన కంటిలోనే ఆ కృత్రిమకటకమును పెట్టించుకొనెను. 2000లో ఆయనకు సర్ బిరుదమిచ్చిరి. మఱుసటి యేడు మరణించెను.

నియమపు చివరి వేరును పెఱికినవాడు న్యూయార్కు వైద్యుడు చార్లెసు కెల్మను. దంతవైద్యుడు తన పండ్లపై గారను ఒక కంపించు పరికరముతో తొలగించుచుండగా ఆయనకు ఆలోచన తట్టెను. 1967లో అతిధ్వనితో కంపించు బోలుసూదిని కంటిలో దూర్చి, కటకమును నలిపి పీల్చివేసెను. చుట్టునున్న పచ్చిభాగమునుగూడ నీటితో కడిగి పీల్చవచ్చును గనుక, అంటుకొనునను భయము పోయెను. మిగిలిన సంచియే క్రొత్త కటకమునకు గూడగును. నేడు కోత మూడు మిల్లీమీటర్లకు లోపే; చుక్కలమందు వేసి, అరగంటలోపల ముగించి, చాలమందిని ఆ దినమే యింటికి పంపుదురు. పండి గట్టిపడిన శుక్లమును నలుపుటకు ఎక్కువ శక్తి కావలెను, పొరుగుభాగములకు ఎక్కువ అపాయము. పూర్వము పచ్చిది కష్టము, పండినది సులభము; నేడు పండినదియే కష్టము. నియమము తలక్రిందులైనది!

వెలయు ఒకప్పుడు అడ్డముండెను. 1976లో మధురలో వేంకటస్వామి యను వైద్యుడు నెలకొల్పిన అరవిందు ఆసుపత్రివారు 1992లో తామే కటకములు చేయుట ప్రారంభించి, విదేశపు కటకముల ధరలో అత్యల్పభాగమునకు ఇచ్చిరి. 1976లోనే కేంద్రప్రభుత్వము అంధత్వ నివారణ కార్యక్రమమును చేపట్టెను. హైదరాబాదులో 1987లో గుళ్లపల్లి నాగేశ్వరరావు స్థాపించిన ఎల్.వి. ప్రసాదు నేత్రవిజ్ఞాన సంస్థవారు 1996 మొదలు 2000 వఱకు హైదరాబాదు నగరమునను, పశ్చిమగోదావరి, ఆదిలాబాదు, మహబూబునగరు జిల్లాలలోను పదివేలమందికి పైగా పరీక్షించిరి. నూటికి ఇంచుమించు ఇద్దఱు అంధులని తేలినది. ఆ అంధత్వములో నూటికి 44 పాళ్లు శుక్లమువలననే. అనగా తీసిన వచ్చు చూపు! 2018లో తెలంగాణలోను, 2019లో ఆంధ్రప్రదేశమునను కంటివెలుగు పేర ఊరూర కంటిపరీక్షలు జరిగినవి. పలుదేశముల సర్వేలలో మఱియొక సంగతి మరల మరల కనబడినది: శుక్లము స్త్రీలలో ఎక్కువ, శస్త్రమునకు వచ్చుట వారిలో తక్కువ. ఆసుపత్రి దగ్గఱపడినను తీసికొనిపోవు చేయి దగ్గఱపడవలెను గదా. తాతగారి శుక్లము త్వరగా పండుటయు, బామ్మగారిది ఎన్నటికిని పండకుండుటయు వైద్యశాస్త్రమున లేని విశేషము.

మఱి శుక్లమును ఎప్పుడు తీయించవలెను? చదువుట, నడచుట, వంట, ఎదుటివారి ముఖము గుఱుతించుట, వీనికి అడ్డమైనపుడు, వైద్యుడు పరీక్షించి తగునన్నపుడు. మొదలైనంతనే పరుగెత్తనక్కఱలేదు, కొందఱికి కొన్నేండ్లు కళ్లద్దముల మార్పే చాలును. అయితే మిగులపండిన శుక్లము ఊరక యుండదు. అది ఉబ్బి కంటిలోని నీటి ప్రవాహమును అడ్డగించవచ్చును. లేక దాని పదార్థము సంచినుండి కారి వాపు పుట్టించవచ్చును. రెండువిధములను కంటి ఒత్తిడి పెరిగి, కన్ను ఎఱ్ఱబడి, తలపగులునంత నొప్పి కలుగును. అప్పటికిని ఆలసించినచో కంటినరము చచ్చును. కటకము మార్చవచ్చును, నరమును మార్చలేము.

ఇంకొక సంగతి. వృద్ధాప్యమున చూపు తగ్గినదెల్లను శుక్లము కాదు. నీరుకాసులు ప్రక్కచూపును నొప్పి లేకుండ హరించును. పోయినచూపు రాదు గాని మందుతో మిగిలినది నిలుచును. రెటీనా నడిమిభాగము క్షీణించువారికి గీతలు వంకరగా కనబడి, ఎదుటివారి ముఖము నడుమ మఱక పడును. అందు నెత్తురునాళములు పెరుగు రకమునకు ఈ శతాబ్దమున కంటిలోనికి ఇచ్చు సూదిమందులు వచ్చినవి, అవియు తొలుతనే పడవలెను. మధుమేహమువలన రెటీనా చెడుటయు అట్టిదే. శుక్లము పండుటకై వేచియున్నామని తలంచుచున్న యింట, నిజమునకు ఈ మూడింటిలో ఒకటి పని ముగించుచుండవచ్చును. కనుపాపను పెద్దదిచేయు చుక్కలు వేసి, వెనుకగోడను చూచి, ఒత్తిడి కొలిచినగాని ఇంటిలోని పెద్దలు గాని, పొరుగువారు గాని ఏది యేదో చెప్పజాలరు. ఆ పరీక్షకు పట్టునది ఒక పూట.